గోటితో పోయేది కాదు

"ఇదంతా ఎందుకన్నా? ట్రై-క్యాచ్ పెట్టి, 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్' అని ఒక టోస్ట్ చూపిస్తే పోలా?"

నెట్‌వర్క్ ఎర్రర్లకు టైపులు పెట్టమంటే కోడ్ రివ్యూల్లో ఈ మాట వినని నెల లేదు. అనేది జూనియర్లే కాదు. పదిహేనేళ్లు ఈ పనిలో ఉన్నవాళ్లూ అంటారు, మీటప్‌లలో మైకు పట్టుకుని మరీ అంటారు. కాబట్టి ముందు వాళ్ల వాదాన్ని వాళ్ల బలంతోనే చెప్పుకుందాం.

బ్రౌజర్‌లో ఫెచ్ ఉంది. 2022లో నోడ్ 18తో సర్వర్ వైపూ అదే వచ్చేసింది. అవెయిట్ పెడితే డేటా వస్తుంది, రాకపోతే క్యాచ్‌లో పడుతుంది. దీనికి మళ్లీ హెల్పర్లు, వాటికి ఎర్రర్ టైపులు, ఆ టైపులన్నిటికీ స్విచ్‌లు అంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. యూజర్‌కి కావలసింది పని అయిందా లేదా అన్నది. ఎందుకు కాలేదో చెప్పినా అతను చేసేది మళ్లీ నొక్కడమే. మరీ అంతగా అయితే యాక్సియోస్‌లో ఒక ఇంటర్‌సెప్టర్ రాసుకుంటే అన్నీ ఒక్క చోటే తేలిపోతాయి. ఎర్రర్లకు టైపులు పెట్టడం జావా చేసి చూసింది, చెక్డ్ ఎక్సెప్షన్లతో ప్రోగ్రామర్ల ప్రాణం తీసింది. పైగా టైప్‌స్క్రిప్ట్ టైపులు రన్‌టైమ్‌లో ఉండనే ఉండవు. కొత్తగా చేరినవాడికి ఇదంతా నేర్పేసరికి స్ప్రింట్ అయిపోతుంది.

ఇది తెలివితక్కువ వాదం కాదు. అయినా తప్పు వాదం.

1. తప్పు తప్పే, అందులో రకాలేమిటి?

"రాకపోతే క్యాచ్‌లో పడుతుంది" అన్న వాక్యం దగ్గరే వాదం జారింది. సర్వర్ 404 అన్నా, 500 అన్నా ఫెచ్ ఇచ్చిన ప్రామిస్ రిజెక్ట్ కాదు. ఏదో ఒక జవాబు వచ్చిందంటే ఫెచ్ లెక్కలో పని అయినట్టే. స్టేటస్ 200 నుంచి 299 లోపు ఉందో లేదో ఓకే అనే ఫీల్డ్ చూసి తెలుసుకోవడం మన బాధ్యత. ఆ ఒక్క ఇఫ్ మరిచిపోయిన చోట సర్వర్ పంపిన ఎర్రర్ జేసన్‌నే డేటా అనుకుని స్క్రీన్ గీసేస్తాం. కస్టమర్ పేరు ఉండాల్సిన చోట "అన్‌డిఫైన్డ్" అని కనిపించిందంటే చాలాసార్లు ఇదే కథ.

మరి క్యాచ్‌లో పడేదేమిటి? నెట్ పోతే ఫెచ్ టైప్‌ఎర్రర్ విసురుతుంది. అన్‌డిఫైన్డ్ మీద ప్రాపర్టీ అడిగినా జావాస్క్రిప్ట్ విసిరేది టైప్‌ఎర్రరే. యూజర్ లిఫ్ట్ ఎక్కి సిగ్నల్ పోగొట్టుకోవడం ఒకటి, మనం రాసిన కోడ్‌లో బగ్ ఉండడం ఇంకొకటి. క్యాచ్ లోపలికి వచ్చేసరికి రెండింటిదీ ఒకే ముఖం. విడదీయాలంటే మెసేజ్ చదవాలి. క్రోమ్ "ఫెయిల్డ్ టు ఫెచ్" అంటుంది, సఫారీ "లోడ్ ఫెయిల్డ్" అంటుంది, ఫైర్‌ఫాక్స్ మూడో వాక్యం ఏదో అంటుంది. ఈ మూడింటినీ వరసగా ఇఫ్‌లలో పెట్టి పోల్చిన ఫైళ్లు నేను చూశాను. సింపుల్‌గా ఉండాలి అనేవాళ్లు రాసినవే అవి.

ఇంకా ఉంది. ఏపీఐ అడ్రస్‌లో ఒక్క అక్షరం తప్పితే, చాలా సింగిల్ పేజ్ యాప్‌ల సర్వర్లు 404 ఇవ్వవు. హోమ్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ని 200తో పంపేస్తాయి. ఓకే ఫీల్డ్ నిజమే అంటుంది. జేసన్‌గా చదవబోతే మొదటి అక్షరం దగ్గరే పార్సర్ పడిపోతుంది. దీనికీ అదే టోస్ట్. యూజర్ ఎన్నిసార్లు "మళ్లీ ప్రయత్నించండి" నొక్కినా ఈ తప్పు పోదు, ఎందుకంటే తప్పు అతని నెట్‌లో లేదు, మన రిలీజ్‌లో ఉంది.

నాకు నవ్వు తెప్పించేది రద్దు కేసు. సెర్చ్ డబ్బాలో ఊరి పేరు టైప్ చేస్తుంటే ఒక్కో అక్షరానికి పాత రిక్వెస్ట్‌ని అబార్ట్ చేసి కొత్తది పంపుతాం. మంచి పద్ధతే. అబార్ట్ అయిన ప్రతి రిక్వెస్టూ అబార్ట్‌ఎర్రర్‌తో క్యాచ్‌లో పడుతుంది. "విజయవాడ" అని కొట్టేలోపు నాలుగైదు టోస్టులు ఒకదాని మీద ఒకటి లేస్తాయి. అక్కడ ఏ తప్పూ జరగలేదు. మనం ఆపమన్నాం, అది ఆగింది.

ఎల్మ్ భాష హెచ్‌టీటీపీ లైబ్రరీ ఈ గొడవంతా ఐదు మాటల్లో తేల్చింది: చెడ్డ అడ్రస్, టైమౌట్, నెట్‌వర్క్ లేదు, స్టేటస్ బాగాలేదు, బాడీ అర్థం కాలేదు. అంతే. ఎర్రర్ వస్తే ఏం చేయాలో ఏదో ఒక జవాబు చెప్పందే ప్రోగ్రామ్ కంపైల్ కాదు. ఎర్రర్లను లెక్కపెట్టలేం అనేవాళ్లు ముందు ఐదు వేళ్లు మడిచి చూడాలి.

2. తెలిసినా యూజర్ ఏం చేస్తాడు?

వాదంలో అందరూ ఒప్పేసుకునే ముక్క ఇది. అసలు ప్రమాదమంతా ఇందులోనే ఉంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో రీఛార్జ్ షాపులకు యాప్ చేశాం. షాపువాళ్లు ముందే వాలెట్‌లో డబ్బు వేసుకుంటారు. కస్టమర్ నంబర్ చెబితే ప్లాన్ ఎంచి నొక్కుతారు. వాలెట్‌లో తగ్గుతుంది, కస్టమర్ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మా యాప్‌లో ఇంటర్‌సెప్టర్ ఉండేది. దాని పని ఒక్కటే: ఏ రిక్వెస్ట్ ఎందుకు విఫలమైనా ఒక్కసారి మళ్లీ పంపడం. టైమౌట్ 10 సెకన్లు. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు.

ఒక సాయంత్రం జనగామ నుంచి ఒక షాపాయన ఫోన్ నా దాకా వచ్చింది. "సార్, 299 ఒక్కటే కొట్టిన. వాలెట్ల 598 పోయింది. నేనైతే ఒక్కసారే నొక్కిన సార్." లాగ్ తీసి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. ఆ పూట ఆపరేటర్ వైపు నుంచి జవాబు 14 సెకన్లకు వస్తోంది. పదో సెకనుకు మా యాప్ విసుగెత్తి వదిలేసింది. సర్వర్ మాత్రం పని ఆపలేదు, రీఛార్జ్ పూర్తి చేసింది. ఆ సంగతి తెలియని ఇంటర్‌సెప్టర్ అదే పోస్ట్ రిక్వెస్ట్‌ని మళ్లీ పంపింది. సర్వర్ దాన్ని కొత్త ఆర్డర్ అనుకుంది. రెండోసారి నొక్కింది షాపాయన కాదు, మేం.

ఇక్కడ గమనించాల్సింది టైమౌట్‌కు అర్థం. టైమౌట్ అంటే "పని కాలేదు" కాదు. "అయిందో లేదో నాకు తెలియదు" అని. హెచ్‌టీటీపీ ప్రమాణం, అంటే 2022 నాటి ఆర్ఎఫ్‌సీ 9110, ఈ భేదాన్ని గట్టిగానే పట్టుకుంది. గెట్, పుట్, డిలీట్ ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే కావాలి, కాబట్టి మళ్లీ పంపవచ్చు. పోస్ట్‌కు ఆ హామీ లేదు, కాబట్టి క్లయింట్ తనంతట తాను మళ్లీ పంపరాదు. పంపాలంటే అది ఎన్నిసార్లు చేరినా ఒక్కసారే లెక్క అని తెలిసుండాలి, లేదా మొదటిది అసలు అమలు కాలేదని తేలాలి. స్ట్రైప్ లాంటి పేమెంట్ సంస్థలు రిక్వెస్ట్‌తో పాటు ఒక ఐడెంపొటెన్సీ కీ పంపమనేది ఇందుకే. అదే కీ రెండోసారి కనిపిస్తే సర్వర్ కొత్త పని చేయదు, పాత జవాబే ఇస్తుంది.

ఈ భేదం మన జనానికి కొత్తేమీ కాదు. యూపీఐలో "డబ్బు కట్ అయింది, అవతల పడలేదంట" అన్న మాట కిరాణా కొట్టు ముందు వినని వాళ్లెవరు? రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన సర్క్యులర్ చూడండి. యూపీఐలో ఒక మనిషికి పంపిన డబ్బు అవతలి ఖాతాలో పడకపోతే లావాదేవీ మర్నాటికల్లా వెనక్కి రావాలి. వ్యాపారికి చెల్లించినప్పుడు ఖాతాలో కట్ అయి, షాపు దగ్గర ధ్రువీకరణ రాకపోతే 5 రోజుల గడువు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. వైఫల్యాలను రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికి ఒక్కో గడువు పెట్టారు. దీన్నే మేం టైప్డ్ ఎర్రర్ అంటున్నాం. రిజర్వ్ బ్యాంక్‌ని ఓవర్ ఇంజినీరింగ్ చేసిందని ఎవరూ తిట్టలేదు.

కాబట్టి "తెలిసినా యూజర్ ఏం చేస్తాడు" అన్న ప్రశ్నే తిరగేసి ఉంది. 401 వస్తే మళ్లీ లాగిన్ అవుతాడు. 422 వస్తే తప్పు నింపిన గడి దిద్దుకుంటాడు. 429 వస్తే, రీట్రై-ఆఫ్టర్ హెడర్‌లో సర్వర్ చెప్పినంతసేపు యాపే ఆగుతుంది, యూజర్‌కి చెప్పే అవసరమూ ఉండకపోవచ్చు. టైమౌట్ అయితే అతను చేయాల్సిన పని నొక్కకుండా ఉండడం. "మళ్లీ ప్రయత్నించండి" అన్న టోస్ట్ సరిగ్గా ఆ ఒక్కటీ చేయనివ్వదు.

3. ఇంటర్‌సెప్టర్ ఉందిగా, అన్నీ ఒక్క చోటే తేలతాయి

తేలవు, అక్కడ మునుగుతాయి. అన్ని రిక్వెస్టులూ దాటే గేటు దగ్గర నిలబడ్డవాడికి ఎవరు ఎందుకు వెళ్తున్నారో తెలియదు. ప్రొఫైల్ ఫొటో కోసం వెళ్లే గెట్‌కి 404 వస్తే బొమ్మ లేదని అర్థం, ఖాళీ గుండ్రం చూపిస్తే సరిపోతుంది. ఆర్డర్ వివరాల కోసం వెళ్లిన గెట్‌కి 404 వస్తే అది కంగారు పడాల్సిన సంగతి. నంబర్ ఒకటే, అర్థాలు రెండు. ఆ అర్థం తెలిసింది రిక్వెస్ట్ పంపిన చోటుకే. అందుకే ఇంటర్‌సెప్టర్లలో కొన్నాళ్లకు "ఫలానా యూఆర్‌ఎల్ అయితే టోస్ట్ వద్దు" అన్న లిస్టు మొలుస్తుంది. ఆ లిస్టు పెరగడమే గానీ తగ్గడం నేను చూడలేదు.

దీనికి బదులు మేం అడిగేది పెద్ద ఫ్రేమ్‌వర్క్ కాదు. ఒక్కో పని చేసే చిన్న హెల్పర్లు, ఒకదానికొకటి తగిలించుకునేవి. ఒకటి టైమౌట్ పెడుతుంది. ఒకటి మళ్లీ పంపుతుంది. ఒకటి టోకెన్ గడువు తీరితే కొత్తది తెస్తుంది. ఒకటి బాడీ సరిచూస్తుంది. ప్రతి ఒక్కటీ రిక్వెస్ట్ పంపే ఫంక్షన్‌ని తీసుకుని అలాంటి ఫంక్షన్‌నే తిరిగి ఇస్తుంది. ప్రామిస్‌ని తీసుకోకూడదు. ప్రామిస్ చేతికొచ్చేసరికే రిక్వెస్ట్ బయల్దేరి ఉంటుంది, దాన్ని మళ్లీ పంపడం వండిన అన్నాన్ని మళ్లీ వండడమే. హెల్పర్‌కి ఇవ్వాల్సింది బియ్యం, ఎసరు.

తగిలించే వరసలోనే సగం డిజైన్ ఉంటుంది. రీట్రై లోపల 5 సెకన్ల టైమౌట్ పెడితే ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు. 3 ప్రయత్నాలంటే 15 సెకన్లు, మధ్యలో ఆగే సమయం అదనం. రీట్రై బయట పెడితే అంతా కలిపి 5 సెకన్లే. ఏది కావాలన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. హెల్పర్లు తగిలించిన లైన్ చదివితే ఆ నిర్ణయం కళ్లకు కనిపిస్తుంది. ఇంటర్‌సెప్టర్లో, కాన్ఫిగ్ ఫైల్లో, గేట్‌వేలో తలా ఒక ముక్క దాగితే కనిపించదు. యాప్ 3 సార్లు, గేట్‌వే 3 సార్లు, దాని వెనక సర్వీస్ 3 సార్లు ప్రయత్నించే చోట ఒక్క నొక్కుడు చివరి డేటాబేస్ దగ్గరికి వచ్చేసరికి 27 దెబ్బలవుతుంది. అప్పటికే నీరసించిన సర్వర్‌కి ఈ వైద్యం చేసి, ఎందుకు లేవడం లేదని రాత్రి 2 గంటలకు కాల్‌లో కూర్చుంటాం.

ఇప్పుడు టైపుల సంగతి. టోకెన్ హెల్పర్ తగిలించగానే "లాగిన్ లేదు" అన్న రకం మిగిలిన ఎర్రర్ల జాబితాలోంచి తొలగిపోతుంది. దాని చోట "లాగిన్ గడువు పూర్తిగా తీరింది" అన్న కొత్త రకం చేరుతుంది. ఎడిటర్లో మౌస్ పెడితే ఇంకా ఏయే తప్పులు మిగిలాయో అక్కడే రాసి ఉంటుంది. దేనికి సమాధానం చెప్పామో, ఏది బాకీ ఉందో కంపైలర్ ఖాతా రాస్తుంది. ట్రై-క్యాచ్‌లో ఈ ఖాతా ఎక్కడుంటుంది? రాసినవాడి తలలో ఉంటుంది. అతను నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు.

4. జావా చేసి చూసింది కదా!

ఎదుటి పక్షంలో నేను నిజంగా గౌరవించే వాదం ఇదొక్కటే. సీషార్ప్‌ని రూపొందించిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ చెక్డ్ ఎక్సెప్షన్లను ఎందుకు తీసుకోలేదో 2003లో ఒక ఇంటర్వ్యూలో వివరంగా చెప్పాడు. లైబ్రరీలో కొత్త ఎక్సెప్షన్ చేరిస్తే దాన్ని వాడేవాళ్ల కోడ్ విరుగుతుంది. పొరలు పెరిగే కొద్దీ జాబితాలు ఉబ్బుతాయి, విసిగిపోయి అందరూ ఖాళీ క్యాచ్ పెడతారు. ఆ హెల్స్‌బర్గే తర్వాత టైప్‌స్క్రిప్ట్‌కీ పెద్ద దిక్కయ్యాడు, అందులోనూ ఎక్సెప్షన్లకు టైపులు లేవు.

ఖాళీ క్యాచ్‌ల గురించి ఆయన భయం నిజమైంది కూడా. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్‌లలో 198 వైఫల్యాలను తవ్వి చూశారు. మొత్తం వ్యవస్థను కూల్చిన ఘోర వైఫల్యాల్లో 92 శాతానికి కారణం, సాఫ్ట్‌వేర్ స్పష్టంగా చెప్పిన ఎర్రర్‌ను సరిగ్గా పట్టించుకోకపోవడం. 35 శాతమైతే మరీ అల్పమైన తప్పులు: ఖాళీ హ్యాండ్లర్, "తర్వాత చూద్దాం" అన్న కామెంట్, దొరికినదాన్నల్లా పట్టేసే క్యాచ్. ఆ ఐదింటిలో నాలుగు జావాలో రాసినవే. అంటే చెక్డ్ ఎక్సెప్షన్లు కాపాడలేదు. ఒప్పుకుంటాను.

కానీ ఈ లెక్క ఎవరి వైపు మాట్లాడుతోంది? వ్యవస్థలను కూల్చింది ఎర్రర్లను పట్టించుకోని క్యాచ్. దాన్నే మాకు మందుగా ఇస్తామంటున్నారు. జావాలో చెడింది ఎర్రర్‌కు టైప్ ఉండడం కాదు, ఆ ఎర్రర్ ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువ కాకపోవడం. చెక్డ్ ఎక్సెప్షన్‌ని క్యాచ్ రాయకుండానే వేరియబుల్‌లో పెట్టి ఇంకో ఫంక్షన్‌కి ఇచ్చి, సగం తేల్చి, మిగతా సగం పైకి పంపడం కుదిరేది కాదు. లాంబ్డాలు వచ్చాక అవస్థ ఇంకా పెరిగింది, స్ట్రీమ్ మ్యాప్‌లో చెక్డ్ ఎక్సెప్షన్ విసరబోయిన ప్రతివాడికీ తెలుసు. రస్ట్ ఆ పాఠమే నేర్చుకుంది. ఎర్రర్‌ను రిజల్ట్ అనే మామూలు విలువగా తిరిగి ఇచ్చింది, 2016 నుంచి దాన్ని పైకి పంపడానికి ఒక్క ప్రశ్నార్థకం చాలు. జావా కూడా 17లో సీల్డ్ క్లాసులు, 21లో వాటి మీద ఏ రకాన్నీ వదలని స్విచ్ తెచ్చుకుంది. "జావా చేసి చూసింది" అనేవాళ్లు 2003 దగ్గరే ఆగిపోయారు.

హెల్స్‌బర్గ్ మొదటి అభ్యంతరం, కొత్త రకం చేరిస్తే కోడ్ విరుగుతుందన్నది, వేలమంది వాడే లైబ్రరీకి నిజం. మన యాప్‌లో మన హెల్పర్‌కు అదే వరం. కొత్త రకం చేర్చిన రోజున కంపైలర్ ఎర్రగా చూపించే 14 చోట్లూ మనం చూడాల్సిన 14 చోట్లే. పైగా రవాణా స్థాయి తప్పులు ఐదారు దగ్గర ఆగిపోతాయి. సర్వర్ సొంతంగా కనిపెట్టే బిజినెస్ కోడ్‌ల కోసం "ఇతరం" అని ఒక తెరిచిన గది ఉంచుకుంటే చాలు.

5. రన్‌టైమ్‌లో టైపులుండవు

ఉండవు. అందుకే గుమ్మం దగ్గరే సరిచూడాలి. ఫెచ్ ఇచ్చిన జేసన్‌కి టైప్‌స్క్రిప్ట్ ఇచ్చే టైప్ "ఎనీ". దాని పక్కన "యాజ్ యూజర్" అని రాయడం సెల్ఫ్ అటెస్టెడ్ జిరాక్స్ లాంటిది, ఒరిజినల్ ఎవరూ చూడలేదు. జోడ్ లాంటి లైబ్రరీతోనో, చేత్తో రాసిన పది లైన్లతోనో బాడీని పరీక్షించి, కుదరకపోతే "బాడీ అర్థం కాలేదు" అన్న రకాన్ని తిరిగి ఇవ్వండి. టైపులు అబద్ధమాడుతున్నాయన్న ఫిర్యాదు సరైనదే, అయితే వాటి చేత అబద్ధం ఆడించేది మనం.

6. కొత్తవాళ్లకు అర్థం కాదు

ఇందులో మా వైపు పాపమూ ఉంది. నాలుగు రిక్వెస్టులున్న యాప్‌లోకి మోనాడ్ల లైబ్రరీ తెచ్చి, మూడు పేజీల పైపులు రాసి, చదవలేనివాణ్ని చిన్నచూపు చూసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల వల్లే ఈ ఆలోచనకు చెడ్డపేరు. నేను అడిగేది అది కాదు. ఓకే అయితే డేటా, కాకపోతే రకం పేరున్న ఎర్రర్. ఇలాంటి సాదా ఆబ్జెక్ట్ చాలు. టైప్‌స్క్రిప్ట్ 2016 నుంచే దాన్ని విడదీసి చదవగలదు. హెల్పర్లన్నీ కలిపి ఒక్క ఫైల్ దాటవు. మన కోడ్‌లోని బగ్గులకు టైపులు అక్కర్లేదు, అవి గట్టిగా పేలి లాగ్‌లో పడాలి.

కొత్తవాడికి స్విచ్‌లో ఆరు రకాలు చదవడం కష్టమా, లేక ఫంక్షన్ పేరు చూసి అది ఎన్ని విధాలుగా చెడుతుందో ఊహించడం కష్టమా? రెండోదాన్ని మనం "అనుభవం" అని పిలిచి, అతను ప్రొడక్షన్‌లో దెబ్బలు తిని నేర్చుకునేదాకా ఆగుతున్నాం. ఆ దెబ్బల ఖర్చు జనగామ షాపాయన వాలెట్‌లోంచి పోతోంది.

ఆయన 299 మేం మర్నాడు వెనక్కి వేశాం. ఆ వారమే పోస్ట్‌లకు ఆటోమేటిక్ రీట్రై తీసేశాం, ఐడెంపొటెన్సీ కీ పెట్టాం, టైమౌట్‌ని వేరే రకం చేశాం. ఆ రకానికి టోస్ట్ లేదు, స్క్రీన్ నిండా ఒక మాట ఉంటుంది: "రీఛార్జ్ అయిందో లేదో ఇంకా తెలియలేదు. కనుక్కుంటున్నాం. మళ్లీ కొట్టకండి."

టైప్డ్ ఎర్రర్లు దండగ అని ఇంకా అనిపిస్తే ఒక పని చేయండి. మీ ప్రాజెక్ట్ తెరిచి క్యాచ్ అని వెతకండి. దొరికినవాటిలో ఎన్ని, తమ చేతిలో పడ్డది ఏ రకం తప్పో అడుగుతున్నాయో లెక్కపెట్టండి. అందులో డబ్బుతో ముడిపడిన పోస్ట్‌లు ఎన్నో వేరుగా రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని రివ్యూకి రండి.